70–300 లెన్సుతో అడవి ఫోటోలు సరిగా రావడం లేదు, పెద్ద లెన్సు కొనడం తప్ప దారి లేదా?

మెట్టపొలం:

అందరికీ నమస్కారం.

వన్యప్రాణుల ఫోటోలు తీయడం మొదలుపెట్టి నాకు ఏడాదిన్నర అయింది. నా దగ్గర క్రాప్ సెన్సర్ (బొమ్మను పట్టే పలక కొంచెం చిన్నది) ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, 70 నుంచి 300 మిల్లీమీటర్ల దాకా జూము అయ్యే ఒక 70–300 లెన్సు ఉన్నాయి. ఉద్యోగం వల్ల నెలకు రెండు ఆదివారాలకు మించి తీరిక దొరకదు. నిరుడు చలికాలంలో ఫరహాబాద్ వైపు నుంచి అమ్రాబాద్ అడవికి ఒకసారి వెళ్లాను. మొన్న మే నెలలో మహారాష్ట్రలోని తడోబా పులుల అడవికి వెళ్లి మూడు సఫారీలు చేశాను.

తడోబాలో పులి కనిపించింది. అయితే మా జిప్సీ (సఫారీ జీపు) కంటే ముందే పది పన్నెండు జిప్సీలు అక్కడికి చేరి అడ్డంగా నిలిచి ఉన్నాయి. సాయంత్రం సఫారీ మొదలైన కొద్దిసేపటికే, ఇంకా మండిపోతున్న ఎండలో, సుమారు వంద మీటర్ల దూరాన నీటిగుంటలో నడుము దాకా మునిగి పడుకున్న పులిని నేను నూట ఎనభై ఫోటోలు తీశాను. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూసుకుంటే, ఒక్కదానిలోనైనా పులి ముఖం మీది వెంట్రుకలు విడివిడిగా కనబడలేదు. తడి కాగితం మీద సిరా పాకినట్లు చారలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. అదే గుంపులో పక్క జిప్సీలో ఉన్నాయన దగ్గర పొడవాటి తెల్ల లెన్సు ఉంది. ఆయన ఫోటోలు ఎలా వచ్చాయో నేను చూడలేదు కానీ, నాకంటే బాగానే వచ్చి ఉంటాయని అప్పటి నుంచి ఒకటే ఆలోచన.

నేను అడగదలచినవి రెండు. కూడబెట్టుకున్న 60,000 రూపాయలు చేతిలో ఉన్నాయి. వాటితో ఎవరైనా వాడిన 150–600 లెన్సు కొనడం మంచిదా, లేక ఇదే లెన్సుతో మరో రెండు అడవులు తిరిగి రావడం మంచిదా?

రెండవది కొంచెం ఇబ్బందికరమైన సంగతి. మా ఊరి పక్కన దున్ని వదిలేసిన చేనులో తీతువు పిట్ట గుడ్లు పెట్టిన చోటు నా కంటపడింది. గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు, రాళ్లలో రాళ్లలా కలిసిపోయి ఉన్నాయి. ఐదారు ఫోటోలు తీసి, చేను ఏ ఊరి దారిలో ఉందో కూడా రాసి, పక్షుల ఆసక్తిపరుల బృందంలో పెట్టాను. ఒక పెద్దాయన గట్టిగా మందలించి ఫోటో తీసేయమన్నారు. తీసేశాను. కానీ అది అడవి కాదు, అభయారణ్యం కాదు, నేను గుడ్లను ముట్టుకోనూ లేదు. మరి నా వల్ల జరిగిన తప్పేమిటో అర్థం కాలేదు.

చెరువుగట్టు:

మెట్టపొలం గారూ, మీ రెండో ప్రశ్నకు నాకంటే బాగా చెప్పగలిగినవారు ఉన్నారు కనుక దానిని వారికే వదిలేస్తాను. మొదటి ప్రశ్నకు వస్తే, మీ పులి ఫోటోలు చెడిపోవడానికి లెన్సు కారణమే కానీ, కారణాలను వరుసగా పేర్చితే అది నాలుగో స్థానంలో ఉంటుంది.

మొదటి కారణం వేడి. మే నెలలో ఎండకు కాగిన నేల మీది గాలి పొరలు పొరలుగా పైకి లేస్తూ వెలుతురును వంచుతూ ఉంటుంది. తారు రోడ్డు మీద ఎండమావి కనిపించేది కూడా ఇలా వేడెక్కిన గాలి వల్లనే. వంద మీటర్ల దూరాన ఉన్న పులికీ మీకూ మధ్య అటువంటి గాలి తెర ఒకటి నిరంతరం కదులుతూ ఉంటుంది. మీరు చెప్పిన అలుక్కుపోయిన చారలు సరిగ్గా దాని గుర్తే. పక్క జిప్సీలోని తెల్ల లెన్సు పది లక్షలదైనా ఆ గాలిని తుడిచివేయలేదు. పైగా లెన్సు ఎంత పొడవైతే ఆ వణుకు అంత పెద్దదిగా కనిపిస్తుంది. రెండవది వాహనం. ఇంజను ఆపకుండా ఉంటే, లేదా ఆపినా వెనుక సీటులోని వారు లేచి నిలబడి అటూ ఇటూ కదులుతుంటే, 300 దగ్గర ఆ కుదుపు అంతా ఫోటోలో పడుతుంది. మూడవది ఎండ పడే తీరు. ఇంకా ఎత్తు నుంచి పడే ఎండలో పులి వీపు తెల్లగా కాలిపోతుంది, కళ్లు చీకటి గుంటలవుతాయి.

ఇక నాలుగవది అయిన లెన్సు సంగతి లెక్క వేసి చూద్దాం. మీ సెన్సర్ వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లు. 300 మిల్లీమీటర్ల లెన్సుతో వంద మీటర్ల దూరాన్ని చూస్తే ఫ్రేములో దాదాపు 8 మీటర్ల వెడల్పు పడుతుంది. 600 పెడితే 4 మీటర్లు. అంటే 60,000 రూపాయలు పెట్టి మీరు సగం వెడల్పును తగ్గించుకుంటున్నారు. అదే 300 లెన్సుతో 5 మీటర్ల దూరం నుంచి చూస్తే ఫ్రేములో పడేది 40 సెంటీమీటర్లు మాత్రమే. 28 సెంటీమీటర్ల లకుముకి పిట్ట అందులో నిండుగా కూర్చుంటుంది. పది మీటర్ల నుంచి ఐదు మీటర్లకు చేరుకోగలిగితే, పైసా ఖర్చు లేకుండా మీ లెన్సు రెండింతలైనట్లే. అడవిలో జిప్సీ దిగి అలా దగ్గరకు వెళ్లడానికి వీలులేదు, వెళ్లకూడదు కూడా. పొలాల్లో, చెరువుల దగ్గర వీలవుతుంది. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. నెలకు రెండు ఆదివారాలు మాత్రమే దొరికే మనిషి ఏడాదికి రెండుసార్లు తడోబాకు వెళ్లి నేర్చుకునే దానికంటే, తన ఊరి చెరువుకు ఇరవై నాలుగుసార్లు వెళ్లి నేర్చుకునేది ఎక్కువ.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ఏట్రింతను అందరూ చూసే ఉంటారు. నల్లగా, చీలిన తోకతో, మేత మేసే గేదెల వీపుల మీద కూర్చుంటుంది. కొన్ని ఊళ్లలో దీనిని పసుల పోలిగాడు అంటారు. గేదె అడుగు వేసినప్పుడు గడ్డిలోంచి లేచిన మిడతను పట్టడానికి అది ఎగురుతుంది, పట్టగానే చాలాసార్లు బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే దాని వెంట కెమెరా తిప్పవలసిన పని లేదు. ఎగరక ముందు కూర్చున్న చోట ఫోకస్ పెట్టి ఉంచి, తిరిగి వచ్చే క్షణానికి కొంచెం ముందుగా బటన్ నొక్కితే, రెక్కలు విప్పి కాళ్లు ముందుకు చాపిన భంగిమ మీకు దొరుకుతుంది. దానికి పట్టేది ఒక ఉదయం. గేదె ఎటు తిరుగుతుందో కూడా కాస్త గమనించుకోవాలి, ఎందుకంటే అది మనం కోరినట్లు నిలబడదు.

దగ్గరకు వెళ్లేటప్పుడు పక్షి వైపు తిన్నగా నడవకండి. పక్కకు పోతున్న మనిషిలా ఏటవాలుగా నడుస్తూ, మధ్య మధ్య ఆగి, చివరకు కూర్చుండిపోండి. కూర్చున్న మనిషిని పక్షులు పది పదిహేను నిమిషాలలో లెక్కచేయడం మానేస్తాయి. కారు ఉంటే ఇంకా మంచిది. మనిషిని చూసి ఎగిరిపోయే పాలపిట్ట, ఆగి ఉన్న కారును పట్టించుకోదు. అద్దం దించి, తలుపు మీద బియ్యం సంచి వంటిది పెట్టుకుని తీయవచ్చు. కెమెరా ఎత్తు పక్షి కంటి ఎత్తుకు దగ్గరగా ఉండేలా చూసుకోండి. నిలబడి తీసిన నేల పక్షుల ఫోటోలు, ఎంత స్పష్టంగా ఉన్నా, వాటిని పైనుంచి తనిఖీ చేస్తున్నట్లు ఉంటాయి. అయితే గట్టు మీద పడుకునే ముందు ఆ గడ్డిలో ఏముందో కర్రతో తట్టి చూడడం మరవకండి.

పొలం ఎవరిదో వారిని అడిగి వెళ్లడం మరో ముఖ్యమైన సంగతి. ఇంత పొడవు కెమెరా మెడలో వేసుకుని గట్ల మీద తిరిగితే కొత్త రోడ్డు కొలతలకు వచ్చారనుకుంటారు. నన్ను ఒకాయన తన రెండెకరాలు పోతాయా లేదా చెప్పేదాకా కదలనివ్వలేదు. కెమెరా తెర మీద ఆయన చేనులోని కౌజుపిట్టను చూపించాక, ఇవి తెల్లవారుజామున మోటారు గది వెనుక గుంపుగా ఉంటాయని తానే చెప్పాడు. ఆ సమాచారం ఏ పక్షుల పుస్తకంలోనూ దొరకదు.

పాత షట్టర్:

చెరువుగట్టు గారు చెప్పిన దానిలో చాలా భాగాన్ని నేను ఒప్పుకుంటాను. కానీ మన వాళ్లలో ఒక అలవాటు ఉంది. కొత్తవారు ఎవరైనా లెన్సు గురించి అడగగానే, పరికరం ముఖ్యం కాదు, చూపు ముఖ్యం అని చెప్పి పంపేస్తాం. చెప్పేవారి సంచిలో మాత్రం 600 లెన్సు ఉంటుంది. పల్లెలోని ఏట్రింత మనుషులకు అలవాటు పడింది కనుక 5 మీటర్లకు రానిస్తుంది. చలికాలంలో మన బీళ్లకు వచ్చే పిల్లిగద్ద వంద మీటర్ల దూరంలోనే మలుపు తిరిగిపోతుంది. అక్కడ పొడవాటి లెన్సుకు బదులు ఓపిక సరిపోదు.

తమిళనాడుకు చెందిన ఎం. కృష్ణన్ గారు వేర్వేరు భాగాలను జోడించి తన కెమెరాను తానే కూర్చుకుని, కాలినడకన అడవి ఏనుగులను నలుపు తెలుపులలో తీసిన సంగతి చాలామందికి తెలుసు. అంతటి ప్రకృతి పరిశీలకుడికి కూడా పరికరం మీద అంత పట్టింపు ఉన్నదన్న మాట.

అయితే ముందు ఉన్న లెన్సును పూర్తిగా వాడుకోండి. 70–300 రకం లెన్సులలో చాలావరకు 300 చివర, పూర్తిగా తెరిచిన అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) దగ్గర మెత్తగా, అంటే స్పష్టత తగ్గి, ఉంటాయి. ఆ రంధ్రాన్ని ఎఫ్ 8కి తగ్గించి, 280 దగ్గర తీసి చూడండి, తేడా కనబడుతుంది. షట్టర్ వేగం విషయంలో పిసినారితనం వద్దు. కూర్చున్న పక్షికి 1/500 నుంచి 1/1000 సెకను, ఎగిరే పక్షికి 1/2000 లేదా అంతకంటే ఎక్కువ. దానికి తగినట్లు ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెరిగితే పెరగనివ్వండి. గింజల్లాంటి చుక్కలు కనిపించే ఫోటోను ఈనాటి సాఫ్ట్‌వేర్‌తో బాగు చేసుకోవచ్చు, కదిలిపోయిన ఫోటోను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి నిలబెట్టలేదు. షట్టరు, అపర్చరు మీరే పెట్టి ఐఎస్ఓను ఆటోకు వదిలేయడం అన్నిటికంటే సులువైన పద్ధతి. తెల్ల కొంగను తీసేటప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ దాకా, అంటే వెలుతురు సగమయ్యేదాకా, తగ్గించండి, లేకపోతే ఈకలన్నీ సున్నం కొట్టిన గోడలా వస్తాయి. తెల్లని ఆకాశం ఎదుట కూర్చున్న పిట్టకు ఒక స్టాప్ పెంచండి.

ఇవన్నీ చేశాక కూడా కొరత అనిపిస్తే వాడిన 150–600 కొనండి, తప్పు లేదు. కొనేముందు లెన్సులోపలికి ఒక పక్క నుంచి టార్చి వేసి, రెండో పక్క నుంచి చూడండి. సాలెగూడు దారాల వంటివి కనిపిస్తే అది ఫంగస్, బేరం ఆడకుండా వచ్చేయండి. కోస్తా ఊళ్లలో వాడిన లెన్సులలో ఇది ఎక్కువ. జూము తిప్పేటప్పుడు ఇసుక చప్పుడు వినిపించినా, 600 దగ్గర దూరంలోని బోర్డు మీద ఆటోఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటున్నా వద్దు. ఆ లెన్సు ఒక్కటే రెండు కిలోల దాకా బరువు ఉంటుంది. గంటసేపు చేతితో పట్టుకుని తీయగలనా అని మీ భుజాన్ని కూడా ఒకసారి అడగండి. వీలైతే రెండు రోజులకు అద్దెకు తెచ్చుకుని చూశాక నిర్ణయించుకోండి. తెచ్చిన తర్వాత గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి, బీరువాలో బట్టల మధ్య పెట్టకండి.

బరువు వద్దనుకునేవారికి నికాన్ పీ900 వంటి సూపర్‌జూమ్ కెమెరాలు ఉన్నాయి. దాని జూము 83 రెట్లు. సెన్సర్ చాలా చిన్నది కనుక వెలుతురు తగ్గగానే చేతులెత్తేస్తుంది కానీ, పక్షిని గుర్తు పట్టడానికి, నమోదు చేసుకోవడానికి అది ఎంతో ఉపయోగపడుతుంది.

కౌజుపిట్ట:

తీతువు గుడ్ల గురించి మాత్రమే రాస్తున్నాను.

మెట్టపొలం గారూ, మీరు ముట్టుకోలేదు, నిజమే. కానీ మీరు ఆ ఐదారు ఫోటోలు తీస్తున్నంతసేపు తల్లి ఎక్కడ ఉందో గుర్తు తెచ్చుకోండి. తల మీద గిరికీలు కొడుతూ అరుస్తూ ఉండి ఉంటుంది. తీతువు వట్టి నేల మీద, నీడ అనేది లేని చోట గుడ్లు పెడుతుంది. వేసవిలో దాని పని గుడ్లను పొదగడం కంటే వాటికి నీడ పట్టడమే. నడిఎండలో అది గుడ్లకు అటూ ఇటూ కాళ్లు పెట్టి, రెక్కలు కాస్త విప్పి, నోరు తెరిచి రొప్పుతూ నిలుచుంటుంది. మధ్యలో నీటి దగ్గరకు పోయి పొట్ట కింది ఈకలను తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. అలాంటి పక్షిని ఎండవేళ ఒక ఇరవై నిమిషాలు గుడ్ల నుంచి దూరంగా ఉంచితే, వాటిని ఎవరూ ముట్టుకోనవసరం లేదు. లోపలి పిల్ల ఎండకే పోవచ్చు.

నేను ఈ మాట ఉట్టినే చెప్పడం లేదు. ఆరేళ్ల క్రితం నేనూ ఇలాగే ఒక గూటి దగ్గర, సరైన వెలుతురు కోసమని, అరగంట కూర్చున్నాను. నేను లేచి వంద అడుగులు వెళ్లేలోపు రెండు కాకులు సరిగ్గా నేను కూర్చున్న చోట దిగాయి. మనిషి ఒకే చోట అంతసేపు వంగి చూస్తున్నాడంటే అక్కడ ఏదో ఉందని కాకికి తెలుసు. తిరిగి పరుగెత్తేసరికి రెండు గుడ్లు పోయాయి. తీతువు కూత అపశకునమని మన పెద్దలు అంటారు, ఆ రోజు దానికి అపశకునం నేనే. ఆ ఫోటో నా దగ్గర ఇప్పటికీ ఉంది, చాలా బాగా వచ్చింది, ఎవరికీ చూపించలేదు.

అభయారణ్యం కాదు కదా అన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చూడండి. చంపడం, పట్టడం మాత్రమే కాక, పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లకూ గూళ్లకూ కలత కలిగించడం కూడా అందులో ఉన్నాయి. ఆ నిర్వచనం అభయారణ్యాల సరిహద్దు దగ్గర ఆగదు. ఒక ఫోటో తీసినందుకు మీ మీద ఎవరో కేసు పెడతారని నేను భయపెట్టడం లేదు. చట్టం ఆ పనిని ఏ వరుసలో ఉంచిందో చెబుతున్నాను. పోటీలకు పంపే ఉద్దేశం ఉంటే ఇది కూడా తెలుసుకోండి: మన దేశంలో గూటి ఫోటోలను అసలు స్వీకరించని పోటీలు ఉన్నాయి.

ఊరి దారి రాయడం రెండో పొరపాటు. తీతువు గుడ్ల కోసం ఎవరూ రారనుకుందాం. అదే అలవాటుతో రేపు నక్షత్ర తాబేలును, ఒంటి నిండా పొలుసులుండే అలుగును, పెద్ద కళ్ల దేవాంగ పిల్లిని చూసిన చోటు రాస్తే వాటి కోసం వచ్చేవారు తప్పకుండా ఉంటారు. ఈ మూడింటినీ పట్టి అమ్ముకునేవారు మన రాష్ట్రాలలోనే ఉన్నారు. గుడ్లగూబ కాపురం ఉన్న చెట్టు పేరు బయటపడితే మరుసటి ఆదివారానికి ఆ చెట్టు కింద పది ట్రైపాడ్లు ఉంటాయి. ఫోన్‌తో తీసిన ఫోటోలో స్థలం వివరాలు ఫైలులోనే దాగి ఉంటాయి కనుక వాటిని తీసేసి పంపండి. జిల్లా పేరు రాస్తే చాలు. చూసిన జీవులను నమోదు చేసుకునే ఐనాచురలిస్ట్ వంటి వెబ్‌సైట్లలో ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన స్థలాన్ని ఆ వేదికే మరుగుపరుస్తుంది, మిగతా వాటికి ఆ పని మనం చేసుకోవాలి.

ఫోన్‌లో పక్షి కూత వినిపించి దానిని దగ్గరకు రప్పించే పద్ధతిని కూడా ఎవరో ఒకరు మీకు నేర్పుతారు. గూడు కట్టే కాలంలో అది తన హద్దులోకి మరో మగపక్షి వచ్చిందనుకుని, తిండి మాని పోట్లాటకు వస్తుంది. నేర్చుకోకండి.

తీగమీద:

ఒక చిన్న సందేహం, ఇక్కడే అడుగుతున్నాను. పల్లెల్లో పాలపిట్ట ఎప్పుడు చూసినా కరెంటు తీగ మీదే ఉంటుంది. తీగ ఉంటే ఆ ఫోటో పనికిరాదని మా మిత్రులు అంటారు. ఒకరు సాఫ్ట్‌వేర్‌తో తీగను చెరిపేసి కొమ్మను అతికించారు. నాకైతే అది ఎందుకో నచ్చలేదు. పాలపిట్ట ఈ రోజు ఎక్కడ బతుకుతోందో అక్కడ తీయడంలో చిన్నతనం ఏముంది?

చెరువుగట్టు:

తీగమీద గారూ, ఏమీ లేదు. తీగను ఫ్రేములో అడ్డంగా కాక ఒక మూల నుంచి మరో మూలకు పోయేలా పెట్టి చూడండి. అతికించిన కొమ్మను మాత్రం ఎవరికీ నిజమని చెప్పవద్దని మీ మిత్రుడికి చెప్పండి.

మెట్టపొలం:

అందరికీ కృతజ్ఞతలు. కౌజుపిట్ట గారూ, మీ జవాబు చదివి సిగ్గుపడ్డాను. గుడ్లు ఏమయ్యాయో చూద్దామనిపించింది కానీ, చూడడానికి వెళ్లడం కూడా అదే తప్పు కదా అని ఊరుకున్నాను. ఇంకొక్క ప్రశ్న. అడవిని పూర్తిగా మానుకోవాలని నాకు లేదు. ఏడాదికి ఒకసారైనా వెళ్లాలని ఉంది. ఎక్కడికి, ఎప్పుడు వెళ్తే నా లెన్సుకు న్యాయం జరుగుతుంది?

నల్లమల దారి:

అడవికి వెళ్లడం ఎందుకు మానాలి? అడిగేది మాత్రం మార్చుకోండి. మీరు ఎక్కిన జిప్సీ డ్రైవరుకు, గైడుకు మొదటి అయిదు నిమిషాలలోనే, పులి కనబడకపోయినా మేము ఏమీ అనుకోము, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆపి ఇంజను కట్టేస్తే చాలు అని చెప్పండి. వారు ముందు నమ్మరు. పాపం, వారి తప్పు కాదు. పులి చూపించకపోతే ముఖం ముడుచుకునే యాత్రికులే వారికి రోజూ ఎదురవుతారు. ఒకసారి ఒక డ్రైవరు పులి కోసం మమ్మల్ని ఎంత వేగంగా తిప్పాడంటే, దారి పక్కన పుట్టను తవ్వుతున్న ఎలుగుబంటిని దాటి వెళ్లిపోయాక గానీ దానిని చూశామని మాకు తెలియలేదు. వెనక్కు తిప్పమన్నాము, అప్పటికి పుట్ట చుట్టూ తాజా మట్టి మాత్రమే మిగిలింది.

నల్లమలలో, అంటే మీరు వెళ్లిన అమ్రాబాద్‌లోనూ, కృష్ణకు దక్షిణాన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలోనూ, పులి కనిపించడం అరుదు. కొండలు, లోయలు, దట్టమైన పొదలు. తడోబాలో లాగా నీటిగుంటల పక్కన వరుసగా నిలబడి చూసే అడవి కాదు. అందుకే అక్కడ గుంపులు తక్కువ, మీకు కావలసింది కూడా అదే. దుప్పి, కణితి, మనుబోతు, చెట్ల పైన పెద్ద ఉడుత, ఇవన్నీ 300 లెన్సుకు అందే దూరంలో దొరుకుతాయి. జంతువు ఫ్రేములో చిన్నదిగా ఉండి చుట్టూ అడవి కనిపించే ఫోటోలు తీయడానికి మీ లెన్సు 70 చివరను కూడా వాడండి. అందరూ మరిచిపోయే చివర అది. వర్షాకాలంలో, జులై నుంచి సెప్టెంబరు దాకా, పులుల అభయారణ్యాలలో సఫారీలు చాలావరకు మూసి ఉంటాయి కనుక ఆ నెలలకు ప్రయాణం పెట్టుకోకండి. సఫారీ టికెట్టుతో పాటు కెమెరాకు వేరుగా రుసుము ఉందేమో ముందే కనుక్కోండి. సఫారీ బాట దాటి లోపల తీయాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి పత్రం తప్పనిసరి. డ్రోను మాట అసలే వద్దు.

మీ లెన్సుకు నిజమైన పండుగ పక్షుల రక్షణ కేంద్రాలలో ఉంటుంది. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెరువు మధ్య చెట్ల మీద గుంపులుగా ఉంటాయి. గట్టు మీద నుంచే 300 సరిపోతుంది. అక్కడ గూళ్లు కూడా ఉంటాయి, అయితే అవి మనుషుల రాకపోకలకు అలవాటు పడ్డ పెద్ద కాలనీలు, పైగా మనకూ వాటికీ మధ్య నీరు ఉంది. కౌజుపిట్ట గారు చెప్పిన ఒంటరి గూటితో దానిని పోల్చలేము. చలికాలంలో సూళ్లూరుపేట వైపు వెళ్తే నేలపట్టు, పులికాట్ ఒకే ప్రయాణంలో చూడవచ్చు. పులికాట్ రాజహంసలు మాత్రం మీ లెన్సుకు గులాబీ గీతలా కనిపిస్తాయి, నిరాశపడకండి, ఆ గీతనే ఆకాశంతో కలిపి తీయండి. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిబీళ్లలో కృష్ణజింకలు ఉన్నాయి. చలికాలపు ఉదయం, సూర్యుడు లేచిన మొదటి గంటలో, ఎదురు వెలుగులో వాటి కొమ్ముల అంచులు మెరుస్తాయి. పది గంటలు దాటితే అక్కడ కూడా గాలి వణకడం మొదలవుతుంది.

ఖాళీ గుడ్డసంచి ఒకటి వెంట తీసుకెళ్లి, దిగిన ఊరిలో బియ్యమో శనగలో కొని నింపుకోండి. జిప్సీ కమ్మీ మీద దానిని మించిన ఆధారం లేదు, వచ్చేటప్పుడు వండుకు తినవచ్చు. జిప్సీలో దుమ్ము రేగుతున్నప్పుడు లెన్సు మార్చకండి.

మెట్టపొలం:

నెల రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను. లెన్సు ఇంకా కొనలేదు. పాత షట్టర్ గారు చెప్పినట్లు ఒక 150–600ను రెండు రోజులకు అద్దెకు తెచ్చాను. మొదటి రోజు సాయంత్రానికి ఎడమ భుజం లేవలేదు. పిల్లిగద్దల కోసం చలికాలం దాకా ఆగి, అప్పుడు మళ్లీ ఆలోచిస్తాను.

నాలుగు ఆదివారాలు వరుసగా మా చెరువుకే వెళ్లాను (రెండింటికి ఇంట్లో మాట పడ్డాను). మూడో వారం దాకా ఏట్రింత ఫోటోలన్నీ నల్ల మరకలే. నిన్న ఉదయం ఆరున్నరకు సూర్యుడిని వీపు వైపు పెట్టుకుని, గట్టు వాలులో కూర్చుని, 280 దగ్గర, ఎఫ్ 8, 1/1600తో తీశాను. అది గేదె వీపు మీదికి తిరిగి వచ్చి వాలుతోంది, నోటిలో మిడత కాలు కనిపిస్తోంది. మొదటిసారి దాని కన్ను నల్లగా కాక ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉందని చూశాను. ఒక్క లోపం ఉంది. ముక్కు మొదట్లో, నోటి మూల దగ్గర, ఒక తెల్ల చుక్క పడింది. పెద్దది చేసి చూసినా పోలేదు. సెన్సర్ మీద దుమ్ము చేరిందేమో, శుభ్రం చేయించాలంటే ఎక్కడ ఇవ్వాలి?

చెరువుగట్టు:

మిగతా ఫోటోలలో ఆ చుక్క ఫ్రేములో అదే చోట ఉందా, లేక పక్షితో పాటు జరుగుతోందా చూడండి. సెన్సర్ మీది దుమ్ము నల్లగా పడుతుంది, ఒకే చోట ఉంటుంది. పక్షితో పాటే జరుగుతుంటే కెమెరాను ఎక్కడా ఇవ్వనవసరం లేదు. ఎదిగిన ఏట్రింతకు నోటి మూల దగ్గర అలాంటి చిన్న తెల్ల మచ్చ ఉంటుంది.

మెట్టపొలం:

పక్షితో పాటే జరుగుతోంది.